పటం గోడకెక్కింది, కథకుడు గడప బయటే

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి రోడ్డు నెంబరు 36 వెంట మాదాపూర్ దిక్కుగా సాగినా, 45 పట్టుకుని దుర్గంచెరువు తీగల వంతెన వైపు మళ్లినా రెండు పక్కలా అద్దాల దుకాణాలే. దీపాలు, సోఫాలు, విదేశీ పాలరాయి అమ్మే షోరూముల నడుమ ఇప్పుడు మరో రకం సరుకుకు గిరాకీ పెరిగింది. చేర్యాల ముఖాలు అతికించిన తాళాల హ్యాంగర్లు, నిమ్మలకుంట తోలుబొమ్మను చుట్టి చేసిన లాంప్‌షేడ్లు, ఏటికొప్పాక లక్క పూసిన కొవ్వొత్తి స్తంభాలు, ఆదిలాబాద్ డోక్రా ఏనుగులు, పెంబర్తి ఇత్తడి రేకు తాపిన తలుపులు. ఇంటి ముందు గదిలో పూలరేకులు తేలే గంగాళం ఒకటి, పచ్చికలో అలంకారంగా నిలబెట్టిన పాత తిరగలి ఒకటి. వీటన్నిటినీ కలిపి చెప్పే మాట కూడా సిద్ధంగా ఉంది: హస్తకళ, సంస్కృతి, నవీన డిజైన్ మేళవించిన సమకాలీన అలంకరణ వస్తువులు. ఈ మూడు మాటల్లో ఏదీ అబద్ధం కాదు. కానీ ఈ వస్తువుల్లో ఒక్కటి కూడా కులంతో సంబంధం లేకుండా పుట్టలేదు. ఆ నాలుగో మాట మాత్రం ధర చీటీ మీద కనిపించదు.

అందమైన వస్తువును అందంగా చూడక, దాని కులం వెతకడం ఎందుకని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నలో కొంత న్యాయం లేకపోలేదు. వస్తువుకు కులం అంటగట్టి చూడటం మనువు నేర్పిన చూపే. అయితే ఆ వస్తువు మీద ఎవరి పేరు పడుతుంది, లాభం ఎవరికి చేరుతుంది, దాన్ని మార్చే స్వేచ్ఛ ఎవరికి ఉంటుంది అనే మూడు సంగతులనూ నేటికీ కులమే నిర్ణయిస్తున్నప్పుడు, దాన్ని చీటీ మీద నుంచి చెరిపివేయడం కులనిర్మూలన కాదు. అది కొనేవారి మనశ్శాంతికి చేసే ఏర్పాటు.

చేర్యాల పటం సంగతే తీసుకుందాం. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న ఆ చిన్న పట్టణంలో బొమ్మలు వేసేవారిని నకాషీలంటారు. చిత్తరువు అనే అర్థమున్న పారశీక పదం నుంచి వచ్చిన పేరది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమన్ను, చింతగింజల జిగురు, బంకనీళ్లు కలిపిన పూత ముమ్మారు పట్టించి ఆరబెడతారు. ఉడుత వెంట్రుకల కుంచెతో గీత గీసి, వెనుక భాగమంతా ఎర్రరంగు నింపుతారు. కథ పైనుంచి కిందికి వరుస వరుసగా, పూలతీగల అంచు కట్టిన గళ్లలో నడుస్తుంది. ముప్పై అడుగుల పటం సాధారణం, అరవై అడుగుల దాకా సాగినవీ ఉన్నాయి. కళావిమర్శకులు ఇంతవరకు చాలా ఓపికగా చెబుతారు. ఆ పటాన్ని ఎవరు అడిగి వేయించుకున్నారన్న చోటికి వచ్చేసరికి వారి ఓపిక తగ్గిపోతుంది.

పటం వేయించుకున్నవారు ఆశ్రిత కులాల కథకులు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, గౌడులకు గౌడపురాణం చెప్పే గౌడజెట్టీలు, ముదిరాజులను ఆశ్రయించి పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, చాకలివారికి మడేలు పురాణం వినిపించే పటంవాళ్లు, మంగలివారి అద్దపువారు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందహెచ్చులవారిది పటం కాదు, కొయ్యబొమ్మల పెట్టె. ఆ బొమ్మలు చేసిన చేతులూ నకాషీలవే. ఒక్కొక్క ఆశ్రిత కుటుంబానికి కొన్ని ఊళ్ల మీద వంశపారంపర్యపు హక్కు ఉండేది. పంట ఇంటికి వచ్చాక ఆ ఊళ్లకు వెళ్లి, వాడ నడుమ పటం కట్టి, కర్రతో ఒక్కొక్క గడినీ చూపుతూ రాత్రులు కథ చెప్పి, కట్నకానుకలు అందుకుని కదిలేవారు. జీర్ణించిన పటాన్ని చింపి పారేసేవారు కాదు. మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏటిలో కలిపేవారు. దానిని వారు బొమ్మగా ఎన్నడూ లెక్కపెట్టలేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

సంస్కృత పురాణాలు శూద్రుణ్ణి పాదాల దగ్గర పుట్టించి, అంటరానివాణ్ణి లెక్కలోకే తీసుకోకుండా వదిలేస్తే, ఈ కులపురాణాలు ఆ లెక్కను తిరగరాశాయి. డక్కలివారి కథలో జాంబవుడు భూమి కంటే ఆరు నెలలు ముందు పుట్టినవాడు. దేవతలకూ పెద్ద. సృష్టిలో మొదటివాడి సంతతి వాడ చివరకు ఎలా నెట్టబడిందన్నదే ఆ రాత్రంతా సాగే వాదం. చదువు నిషేధించిన చోట జనం తమ చరిత్రను గుడ్డ మీద దాచుకున్నారు. కథకుడి చేతిలోని కర్ర ఆ దస్తావేజు మీద వేలు పెట్టి చూపడమే.

ఇందులో మురిసిపోవడానికి మాత్రం పరిమితి ఉంది. కులపురాణాలు హెచ్చుతగ్గులను నిర్మూలించలేదు. మేము ఒకప్పుడు పైన ఉన్నవాళ్లమే, ఒక్క పొరపాటు వల్ల కింద పడ్డాం అని చెప్పడం, మెట్లను కూల్చమనడం ఒకటి కాదు. మాదిగలను మాత్రమే యాచించే హక్కున్న డక్కలివారిని మాదిగలే అంటరానివారిగా చూసి, వాడకు ఆవల గుడారం వేయించిన చరిత్ర కూడా ఈ నేలదే. ఆ మాటకొస్తే పెంబర్తి ఇత్తడి పని చేసే విశ్వబ్రాహ్మణులు జంధ్యం వేసుకుని తమ వైదిక అధికారం కోసం శతాబ్దాలు వాదించారు కానీ, తోలు పనివాడిని తమ సాటి కళాకారుడిగా పిలుచుకోలేదు. శ్రమకులాల ఐక్యత గురించి ఉపన్యాసాలు ఇచ్చే మనం ఈ సంగతి దాటవేయకూడదు.

పటం వేయించుకునేవారు క్రమంగా తగ్గిపోయారు. మగ్గం, కల్లు, కులవృత్తి దెబ్బతిన్న ఊళ్లలో కథకుడికి ఇచ్చే గింజలూ తగ్గాయి. రాత్రి కథను టూరింగ్ టాకీసు, ఆ తర్వాత టీవీ మింగేశాయి. అలా మింగిన పరిశ్రమ మద్రాసు నుంచి మెల్లగా కదిలి వచ్చి ఈ కొండల మీదనే స్థిరపడింది. 1976లో అన్నపూర్ణ స్టూడియో మొదలైన నాటికి ఇక్కడ ఎక్కువగా ఉన్నవి బండరాళ్లే. ఆ రాళ్లు పగలగొట్టి ఇళ్ల స్థలాలు చదును చేసిన చేతులు వడ్డెరలవి, పాలమూరు వలస కూలీలవి. వారి వారసుల్లో ఎందరో ఫిలింనగర్‌ను ఆనుకుని ఉన్న జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దుర్గాభవాని నగర్ లాంటి బస్తీల్లోనే ఉన్నారు.

ఆ దశలో నకాషీలను నిలబెట్టింది హస్తకళల బోర్డులు, ఎంపోరియాలు. అది నిజం, దానిని తక్కువ చేయనక్కర్లేదు. అవి లేకపోతే ఈ గీత మనకు మిగిలేది కాదు. కానీ నిలబడటానికి ఒక షరతు పెట్టారు. అరవై అడుగుల పటం గోడకు పట్టదు కాబట్టి దానిని ఫ్రేములో పట్టేంత చేయాలి. కొనేవారికి మడేలు తెలియడు, జాంబవుడు రామాయణంలో ఎలుగుబంటిగా మాత్రమే తెలుసు. కాబట్టి కృష్ణలీలలు, సీతాకల్యాణం, నాట్లు వేసే ఆడవాళ్లు, తాటిచెట్టు ఎక్కే గౌడు గీయాలి. కొబ్బరి చిప్ప మీద చింతగింజల జిగురు, రంపపు పొట్టు మెత్తి చేసే ముఖం బొమ్మలు ఇంకా చవక, ఇంకా తేలిక. ధనాలకోట వైకుంఠం నకాష్ వంటివారు ఈ ఇరుకులోనే గీత పరువు పోకుండా కాపాడి జాతీయ పురస్కారం దాకా తీసుకువెళ్లారు. కథ కుదించుకుపోయినా ముక్కు, కన్ను, ఎర్ర నేపథ్యం అలాగే ఉండటం ఆ కుటుంబాల పట్టుదల ఫలితం.

చేర్యాల చిత్రానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1999లో చేసి 2003 సెప్టెంబరులో అమల్లోకి తెచ్చిన ఆ చట్టం కాపాడేది వస్తువును. ఫలానా చోట, ఫలానా పద్ధతిలో తయారైన సరుకుకు ఫలానా పేరు వాడుకునే హక్కు. గుడ్డ, రంగు, పూత, గీత అందులోకి వస్తాయి. ఆ గుడ్డ మీద ఏ కథ ఉండాలో, ఏ వరుసలో ఉండాలో, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో చెప్పి వేయించుకున్న కథకుడు అందులోకి రాడు. చట్టం దృష్టిలో కథ సరుకు కాదు. నకాషీ, డక్కలి ఇద్దరూ కలిసి తయారు చేసిన దానిలో ఒకరి వాటా దరఖాస్తు ఫారంలో పట్టింది, ఇంకొకరి వాటా పట్టలేదు. మార్కెట్టు చిత్రకారుణ్ణి సగం ఆకలితోనైనా బతికించింది. కథకుణ్ణి మాత్రం పూర్తిగా వదిలేసింది. హస్తకళల పునరుజ్జీవనం గురించి ఇంత సాహిత్యం వచ్చిందే, అందులో ఈ చీలిక గురించి ఎంత వెతికినా దొరికేది కొద్దిపాటి మాటలే. జయధీర్ తిరుమలరావు వంటి కొద్దిమంది ఊరూరా తిరిగి పటాలు, వాద్యాలు, బొమ్మలు సేకరించి ఉండకపోతే ఆ మాటలు కూడా దొరికేవి కావు. మన విశ్వవిద్యాలయాల్లో కులపురాణాల మీద సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు తక్కువేమీ లేవు. వాటిలో చాలావరకు డిగ్రీ వచ్చిన మరునాడే అల్మారాకు వెళ్లాయి.

వాటా ఎవరిది అన్న ప్రశ్న డక్కలివారికి కొత్త కాదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఎస్సీ వర్గీకరణకు దారి తెరిచాక, తెలంగాణ తెచ్చిన చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. 59 కులాలను మూడు గ్రూపులు చేసి, అత్యంత వెనుకబడిన 15 కులాలను మొదటి గ్రూపులో పెట్టి వారికి 1 శాతం కేటాయించారు. డక్కలివారు అందులో ఉన్నారు. నిలకడైన ఊరు, రికార్డు లేని సంచార కుటుంబాలకు ఆ 1 శాతం అందాలంటే ముందు కులధ్రువీకరణ పత్రం అందాలి. ఏ కులం పుట్టుక కథను తాము పటం మీద భద్రపరిచారో, ఆ కులాల పిల్లల చేతుల్లో పత్రాలున్నాయి. భద్రపరిచినవారి పిల్లలు మాత్రం కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు.

ఇక్కడ ఫిలింనగర్ నేరుగా కథలోకి వస్తుంది. డక్కలివారి వాద్యం కిన్నెర. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు, మైనం. నెమలి ఈకలూ రంగు గుడ్డలూ కట్టిన ఆ వాద్యం చూడటానికే ఒక శిల్పం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గొంతుతో 2021లో 'భీమ్లా నాయక్' పాట రాష్ట్రమంతా మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మొగిలయ్య హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్ దగ్గర ఒక నిర్మాణ స్థలంలో దినకూలీగా కనిపించిన సంగతి పత్రికలన్నీ రాశాయి. ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము కుటుంబ అవసరాలకు కరిగిపోయిందని ఆయనే చెప్పుకున్నారు. ఇందులో ఒక నటుణ్ణో ఒక నిర్మాతనో తప్పుపట్టి తృప్తిపడటం సులువు. సినిమా ఆయనకు ఒక పాట ఇచ్చింది, ప్రభుత్వం ఒక పురస్కారం ఇచ్చింది. ఇద్దరూ ఇవ్వలేనిది, ఇవ్వాలని తోచనిది, క్రమబద్ధమైన ఆదాయం. ఒక గొంతు ఒకసారి పాడితే ఒకసారి చెల్లింపు. ఆ గొంతు వెనుక ఉన్న కులపు జ్ఞాపకానికి చెల్లింపు లేదు.

తోలు సంగతి మరీ విచిత్రం. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును గీకి, పలుచన చేసి, అద్దంలా వెలుతురు పారేటట్టు తయారు చేసి, రంగులద్ది, సన్నని రంధ్రాలు కొట్టి బొమ్మ చేస్తారు. వెనుక దీపం వెలిగించినప్పుడే ఆ రంధ్రాలు నగలవుతాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ దక్కింది. తోలుబొమ్మలాట చూసేవారు పోయాక ఆ నైపుణ్యం దీపపు గుడ్డలుగా, గోడ అలంకరణలుగా మారి నగరానికి చేరింది. ఈ కళాకారులు మరాఠీ మూలాలున్నవారు, దళితులు కారు. కానీ తెలుగు నేల మీద తోలు అనగానే గుర్తుకు వచ్చేది మాదిగవాడ, లంద, తంగేడు చెక్క నానిన నీటి వాసన. ఆ వాసననే అంటరానితనానికి సాకుగా చెప్పారు తరతరాలు. బావి నుంచి నీరు తోడిన మోటబొక్కెన, రైతు కాలి చెప్పు, ఊరికి కబురు చెప్పిన డప్పు, అన్నీ ఆ లందలో నానినవే. మోట పోయి మోటారు వచ్చింది. చెప్పు కర్మాగారానికి పోయింది. ఇప్పుడు జూబ్లీహిల్స్ భోజనాల బల్ల పక్కన తోలు వెలుగుతూ ఉంది. ఎవరికీ వాసన రాదు. అదే తోలు, అదే చావు చచ్చిన జంతువు. మధ్యలో మారింది దానికి దొరికిన వెలుతురు, పలికిన ధర, చీటీ మీద ఇంగ్లీషులో రాసిన నాలుగు మాటలు. మన పురోహితులు పంచగవ్యంతో చేయలేని శుద్ధిని డిజైన్ చేయగలిగింది.

డిజైన్ అనే మాట మన దేశంలో అధికారికంగా ఎక్కడ మొదలైందో చూస్తే ఈ శుద్ధి స్వభావం తెలుస్తుంది. భారత ప్రభుత్వ ఆహ్వానం మీద అమెరికన్ దంపతులు చార్లెస్, రే ఈమ్స్ 1958లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది. దేశమంతా తిరిగి చూసిన వస్తువుల్లో ఆ దంపతులను అన్నిటికంటే ఎక్కువ అబ్బురపరచినది చెంబు. అది ఒక్కరు గీసింది కాదు, తరాల తరబడి అనేక చేతులు దిద్దిన రూపమని వారు గుర్తించారు. చేతికి ఎలా పట్టు దొరుకుతుంది, తలమీద ఎలా కుదురుకుంటుంది, నీరు ఎలా జారుతుంది అని ఎంతో శ్రద్ధగా ఆలోచించారు. ఆ శ్రద్ధను నేటికీ డిజైన్ విద్యార్థులకు పాఠంగా చెబుతారు. చెప్పవలసినదే. కానీ చెంబు గురించి ఈ దేశంలో మరో ప్రశ్న ఉంది. దానిని ఎవరు ముట్టకూడదు? దోసిలి పట్టి నిలబడిన మనిషికి తగలకుండా ఎంత ఎత్తు నుంచి నీళ్లు పోయాలి? ఆ నివేదికకు ముప్పై ఏళ్ల ముందే, 1927 మార్చిలో, మహాడ్ చెరువు దగ్గర అంబేడ్కర్ వేల మందితో కలిసి ఆ ప్రశ్న వేసి ఉన్నారు. భారతీయ డిజైన్‌కు ప్రతీకగా నిలిచిన పాత్రే అంటరానితనం అమలైన పాత్ర కూడా కావడం యాదృచ్ఛికం కాదు. రోజూ చేతులు మారే వస్తువు కాబట్టే అది అంత నునుపు దేరింది. ఏ చేతికి మారకూడదో అన్న నియమమూ దానికే అంత గట్టిగా అంటుకుంది. నేటి ముందు గదిలో పూలు తేలుతున్న గంగాళం ఆ నియమం నుంచి బయటపడిందా అంటే, అది తుడిచే పనిమనిషికి ఆ ఇంట్లో వేరే గ్లాసు ఉందో లేదో చూసి చెప్పాలి.

పేరు విషయానికి వద్దాం. షోరూములో చీటీ మీద రెండు రకాల మనుషులు కనిపిస్తారు. డిజైనరుకు ఇంటిపేరుతో సహా పేరుంటుంది. చేసినవారు 'గ్రామీణ కళాకారులు' అనే బహువచనంలో ఉంటారు. చట్టం కూడా ఈ వ్యాకరణాన్నే అనుసరిస్తుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త ఆకృతిని ఒక వ్యక్తి గానీ సంస్థ గానీ నమోదు చేసుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు హక్కు సొంతం. భౌగోళిక గుర్తింపు మాత్రం సమూహానిది. దాన్ని అమ్మడానికి, బదిలీ చేయడానికి వీలులేదు. అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కాకపోతే తయారీదారుకు ఆ పేరు వాడుకునే ధీమా కూడా పూర్తిగా ఉండదు. సంప్రదాయం సమూహానిది, సృజన వ్యక్తిది అన్న ఈ విభజన పైకి సహజంగా కనిపిస్తుంది. కానీ చేర్యాల ముఖాన్ని మొదటిసారి కొబ్బరి చిప్ప మీద నిలబెట్టినవాడు కొత్త ఆలోచన చేయలేదా? రాగి, ఇత్తడి కరిగించి పోయడానికి మైనపు తీగను మట్టి ముద్ద చుట్టూ దారంలా చుట్టాలని గోండుల కోసం దేవుళ్లనూ గజ్జెలనూ చేసిన ఓజాలలో ఒకరికి తట్టింది నవీన డిజైన్ కాదా? 2018లో ఆదిలాబాద్ డోక్రాకు గుర్తింపు వచ్చినప్పుడు దానిని 'ప్రాచీనం' అనే పొగిడారు. కింది కులం చేసిన కొత్త పనికి ప్రాచీనత అని పేరు. పై కులం ఆ పాత పనిని అందుకుని కొద్దిగా వంచితే దానికి నవీనత అని పేరు.

సినిమా పరిశ్రమ తనను తాను '24 క్రాఫ్ట్స్' అని పిలుచుకుంటుంది. ఆ మాట నాకు ఇష్టం. దర్శకత్వాన్నీ వడ్రంగాన్నీ ఒకే లెక్కలో కూర్చోబెట్టిన అరుదైన తెలుగు వాడుక అది. ఆచరణ వేరు. పీరియడ్ సినిమా కోసం పది రోజుల్లో రాజభవనం లేపే వడ్రంగులు, మౌల్డింగ్ పనివారు, పెయింటర్లు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ ఇరుకు గదుల్లో ఉంటారు. వారు థర్మోకోల్, ప్లాస్టర్‌తో పోసిన స్తంభాన్ని తెర మీద చూసి మనం కాకతీయ శిల్పం అనుకుంటాం. షూటింగు అయ్యాక దాన్ని కూలగొడతారు. 2025 ఆగస్టులో ఫెడరేషన్ కార్మికులు వేతనాలు 30 శాతం పెంచాలని రెండు వారాలకు పైగా షూటింగులు ఆపితే, చివరకు దక్కింది మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం. ఆ రోజుల్లో పరిశ్రమ పెద్దల ఇళ్లలో జరిగిన చర్చల ఫొటోలు చూసినవారు వెనుక గోడల మీది చిత్రాలను కూడా గమనించే ఉంటారు.

బయటి ప్రపంచంలో ఈ విషయం మీద రెండు వేర్వేరు దారులు ఇటీవల కనిపించాయి. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్ వేదిక మీద కొల్హాపురి చెప్పులను పోలిన చెప్పులు చూపించి, ఎక్కడివో చెప్పలేదు. మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాల చర్మకారులకు 2019 నుంచీ ఆ చెప్పుల మీద భౌగోళిక గుర్తింపు ఉంది. గొడవ పెరిగాక కంపెనీ ఒప్పుకుంది, డిసెంబరులో ఆ రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల సంస్థలతో ఒప్పందం చేసుకుంది. రెండో దారి ముంబై ధారావిలో సుధీర్ రాజ్‌భర్ మొదలుపెట్టిన చమార్ స్టూడియోది. తిట్టుగా వాడే కులనామాన్నే ఆయన బ్రాండు పేరుగా తగిలించాడు. 2015లో మహారాష్ట్ర గోమాంస నిషేధం తోలు పనివారి ఉపాధి మీద పడ్డాక, వాడి పారేసిన రబ్బరును పదార్థంగా తీసుకున్నాడు. 2024 డిసెంబరులో మయామీ డిజైన్ ప్రదర్శనలో గాయని రిహానా ఆ స్టూడియో కుర్చీలో కూర్చున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. కులం పేరు అమ్ముకుంటే విముక్తి వస్తుందా అన్న సందేహం నాకుంది. విలాస వస్తువు ధర ఆ పేరును కూడా ఒక అలంకారంగా మార్చేయగలదు. అయినా ఆ కుర్చీలో కూర్చునేవారు ఆ మాట పలకకుండా దాన్ని కొనలేరు. ఇక్కడి షోరూములో మాత్రం ఆ ఇబ్బంది లేకుండా ఏమైనా కొనుక్కోవచ్చు.

అయితే కళాకారుల కుటుంబాలు ఆ పనిలోనే ఉండాలని కోరడం మరో ఉచ్చు. 2023 సెప్టెంబరు 17న కేంద్రం మొదలుపెట్టిన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు శిక్షణ, పనిముట్లు, 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తుంది. అప్పు దొరకడం మంచిదే. కానీ వృత్తి కుటుంబ పరంపరగా ఉండాలన్న షరతు, పద్దెనిమిదేళ్లకే అర్హత చూసి తమిళనాడు ఆ పథకాన్ని నిరాకరించింది. 1953లో రాజాజీ తెచ్చిన విద్యావిధానాన్ని కులవిద్య అని ఎదిరించి మరుసటి ఏడాదే వెనక్కు తీయించిన జ్ఞాపకం వారికుంది. 2025 ఏప్రిల్‌లో కులంతో ముడిపెట్టకుండా 25 వృత్తులకు, 35 ఏళ్లు దాటినవారికి సొంత పథకం పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి కావలసింది సుత్తి కాదు, కాలేజీ సీటు అన్నది వారి వాదం. మన రెండు రాష్ట్రాల్లో ఈ చర్చ జరగవలసినంత జరగలేదు. కులం పనిని పంచలేదు, పనివాళ్లను పంచిందని అంబేడ్కర్ 1936లోనే చేసిన వాదన ముందు నిలబడితే, నకాషీ పిల్లకు కుంచె వదిలేసి వైద్యురాలయ్యే హక్కు ఎంత ముఖ్యమో, మాదిగ పిల్లవాడికి కుంచె పట్టుకుని మాసాబ్‌ట్యాంకు ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలోనో అహ్మదాబాద్‌లోనో డిజైనరయ్యే హక్కు అంతే ముఖ్యం. ఒకరిని పనిలో బంధించి మరొకరిని గేటు దగ్గర ఆపితే దొరికేదే నేటి షోరూము.

కొనవద్దని నేను అనను. కొనకపోతే మొదట పస్తులుండేది చేర్యాల, నిమ్మలకుంట, ఏటికొప్పాకలే. ప్రభుత్వ గోల్కొండ, లేపాక్షి షోరూముల నుంచి మొదలుపెట్టి ప్రతి చీటీ మీద చేసినవారి పేరు, ఊరు, వారికి చెల్లించిన కూలి రాయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. చేర్యాల చిత్రం అమ్మకం మీద చిన్న వాటా తీసి ఆశ్రిత కథక కులాల నిధికి జమచేయవచ్చు. మొదటి గ్రూపులోని పిల్లల ధ్రువీకరణ పత్రాలు, హాస్టళ్లు, డిజైన్ ప్రవేశ పరీక్షల శిక్షణ ఆ నిధితో నడపవచ్చు. పొరుగు రాష్ట్రాల సంస్థలు ప్రాడాతో కూర్చుని మాట్లాడాయి కాబట్టి, మన లిడ్‌క్యాప్ కూడా లాంప్‌షేడ్ల వ్యాపారంలో తోలు పనివారికి ఏ చోటుందో ఒకసారి చూడవచ్చు. సినిమా పరిశ్రమకు ఇంకా చిన్న పని ఒకటి ఉంది. ఫిలింనగర్ నడిబొడ్డున కల్చరల్ సెంటరు ఉంది, హాలు ఉంది, గోడలున్నాయి. కుదించని జాంబపురాణం పటం ఒకటి, పాత కొలతతో, నకాషీలకు పూర్తి కూలి ఇచ్చి వేయించడానికి అయ్యే ఖర్చు ఒక పాట సెట్టుతో పోలిస్తే లెక్కలోకి రాదు. దానిని ఫ్రేము కట్టకుండా వదిలి, ఏడాదికి కొన్ని రాత్రులు డక్కలి కుటుంబాలను పిలిచి పూర్తి కథ చెప్పించాలి. పారితోషికం ముందే కాగితం మీద రాసి, రికార్డింగు హక్కులు వారి పేరనే ఉంచాలి.